బంతి వదిలేయడమే ఎదగడమా?

టోర్నమెంటు అయిపోయి మా బస్సు బయల్దేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. అమ్మాయిల జట్టు సెమీఫైనల్లో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. నేను పిల్లలకి తెలుగు చెప్పే టీచర్ని. బాస్కెట్‌బాల్‌కీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. ఆడపిల్లలు బయటి స్కూలుకి ఆడటానికి వెళ్తే వెంట ఒక లేడీ టీచర్ ఉండాలన్న నియమం వల్ల మూడేళ్ళుగా ఆ బస్సెక్కుతున్నాను. మంచినీళ్ళ సీసాలు, గ్లూకోజ్ పొడి, కాలు మడతపడితే చుట్టడానికి క్రేప్ బ్యాండేజీ, ఒక సంచీలో శానిటరీ ప్యాడ్లు - ఇదీ నా సరంజామా.

కాసేపు ఏడుపులు, కాసేపు రిఫరీని తిట్టుకోవడం, తర్వాత సమోసాలు. ఆ తర్వాత ఎవరో ట్యాబ్ తీసి ‘కుఛ్ కుఛ్ హోతా హై’ పెట్టారు. 1998లో వచ్చిన సినిమా. ఈ పిల్లలెవరూ అప్పటికి పుట్టలేదు. వాళ్ళ దృష్టిలో అది అమ్మల సినిమా. పాటలకి గొంతు కలుపుతూ, డైలాగుల్ని వెక్కిరిస్తూ చూస్తున్నారు. వేసవి శిబిరంలో కాజోల్ చీర కట్టుకుని షారుఖ్ ఖాన్‌తో బాస్కెట్‌బాల్ ఆడే సన్నివేశం వచ్చింది. కాలేజీలో అతన్ని ఆటలో చిత్తు చేసిన పిల్ల ఇక్కడ చీరతో తంటాలు పడి ఓడిపోతుంది. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చిన మా పాయింట్ గార్డ్, పదో తరగతి పిల్ల, వెనక్కి తిరిగి నన్నడిగింది. “మ్యామ్, చీర కట్టుకుంటే బాల్ ఆడటం మర్చిపోతారా?”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నేను కట్టుకున్నదీ చీరే మరి.

దిగబోయే ముందు ఆ పిల్లే నా సీటు దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. “నాకిది లాస్ట్ మ్యాచ్ మ్యామ్. రిపోర్ట్ చూసి మమ్మీ ఇంక వద్దంది.”

ఆమె అడిగిన ప్రశ్నకీ చివర్లో చెప్పిన మాటకీ ఏదో సంబంధం ఉందనిపించింది. అదేమిటో తేల్చుకోవడానికి ఆ సెలవుల్లో మూడు సినిమాలు కూర్చుని చూశాను. ఈ ఆట ఎక్కడ పుట్టిందో చదివాను. చివరికి నేను రాసిన ఒక కాగితం కూడా తీసి చదవాల్సొచ్చింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ‘కుఛ్ కుఛ్ హోతా హై’. కరణ్ జోహార్ మొదటి సినిమా. ఇందులో అంజలికి పొట్టి జుట్టు, ప్యాంటూ షర్టూ, చేతిలో బంతి. రాహుల్‌కి ప్రాణ స్నేహితురాలు. ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ రాదని అతను ఎగతాళి చేస్తాడు, ఆమె చేతిలోనే ఓడిపోతాడు. ఇంతవరకూ చూస్తే ఎంత బావుందో అనిపిస్తుంది. కానీ ఈ కాలేజీలో పాఠం ఒక్కటే. క్లాసులో టీచరమ్మ ‘ప్రేమంటే ఏమిటి’ అని అడుగుతుంది, కుర్రాడు జవాబు చెప్తాడు. సినిమా మొత్తంలో మనం చూసే చదువు దాదాపు అంతే. ఆ పాఠంలో అంజలి తప్పుతుంది. రాహుల్ టీనాని ప్రేమిస్తాడు. పొట్టి గౌన్లు వేసుకునే టీనాకి కూడా ఒక పరీక్ష ఉంది - లండన్‌లో పెరిగినా హారతి పాట పాడి చూపిస్తేనే ఆమె మన పిల్ల అవుతుంది. అంజలి ఒకసారి టీనాలాగా అలంకరించుకుని వస్తే అందరూ పగలబడి నవ్వుతారు. ఆడదానిగా కనిపించకపోతే ప్రేమ లేదు, కనిపించబోతే నవ్వులపాలు. ఆ నవ్వుల మధ్యనుంచి ఆమె చదువు వదిలేసి రైలెక్కి వెళ్ళిపోతుంది. చదువు మానేసిన ఆడపిల్ల గురించి ఆ తర్వాత ఎవరూ ఒక్క మాట కూడా అడగరు, గమనించారా?

సెకండాఫ్‌లో ఆమె తిరిగొస్తుంది. పొడుగు జుట్టు, చీర, గాజులు. శిబిరంలో పిల్లలకి ఆటా పాటా నేర్పుతుంటుంది. మళ్ళీ బంతి చేతిలోకొస్తుంది. ఈసారి గెలుపు రాహుల్‌ది. ఆట మధ్యలో అతను ఆమె వంక కొత్తగా చూస్తాడు. కెమెరా కూడా అతని కళ్ళతోనే చూస్తుంది. అప్పటిదాకా ఆమె చేతిలో బంతి ఎటు పోతోందో చూసిన మనం ఇక కొంగు ఎటు జారుతోందో చూస్తాం. ఈ సినిమా ఆమెని ఊరికే ఓడించలేదు. ఓడిపోయినప్పుడే ఆమె అందగత్తె అయిందని, ప్రేమకి అర్హురాలైందని మనల్ని నమ్మించింది. కోట్లమంది ఆడపిల్లలు సంబరపడి చూశారు. నేనూ అప్పుడు సంబరపడి చూసినదాన్నే.

మా పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు నిజానికి మా ఊళ్ళోనే ఉంది. వరి నాట్లప్పుడు మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, కొంగు నడుముకి బిగించి, బురదలో రోజంతా వంగి పనిచేసే ఆడవాళ్ళని చూస్తూ పెరిగాను. నెత్తిమీద గడ్డిమోపుతో గట్లమీద పరుగులాంటి నడక నడిచేవాళ్ళు. చీర వాళ్ళ కాళ్ళకి ఎప్పుడూ అడ్డం పడలేదు. పనికి అడ్డం రాని గుడ్డ ఆటకి మాత్రం ఎందుకు అడ్డం వస్తుంది? ఆడదాని ఒళ్ళు పని చేస్తుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తన సంతోషం కోసం పరుగెత్తితేనే కొంగు గుర్తొస్తుంది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్నికాయిట్ ఆడేదాన్ని. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజులు అయ్యాక స్కూలుకి బయల్దేరుతుంటే మా నాయనమ్మ ఓణీ సర్ది, “ఇంక గెంతులు చాలమ్మా” అంది. అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రింగు ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. అంజలి చేతిలో బంతి ఎప్పుడు పోయిందో మనకి తెలియనట్టే.

రెండో సినిమా ‘హైస్కూల్ మ్యూజికల్’. 2006లో డిస్నీ చానల్లో వచ్చింది. అప్పట్లో ఇంగ్లీషు మీడియం ఇళ్ళల్లో పిల్లలు దాని పాటలు బట్టీపట్టారు. అమెరికాలో ఆల్బుకర్కీ అనే ఊళ్ళో ఒక హైస్కూలు. ట్రాయ్ బాస్కెట్‌బాల్ కెప్టెన్, అతని తండ్రే కోచ్. గాబ్రియెల్లా కొత్తగా చేరిన పిల్ల, లెక్కల్లో సైన్సులో మేటి. ఇద్దరికీ పాడాలని ఉంటుంది. కోర్టుకీ క్లాసుకీ నాటకాల స్టేజీకీ మధ్య ఉన్న గోడలు పగలగొట్టడమే కథ. ఇందులో నాకు నచ్చినవి చాలా ఉన్నాయి. చదువులో మొదటున్న ఆడపిల్లని ఎగతాళి చెయ్యలేదు. క్యాంటీన్‌లో ఒక పాట ఉంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి దాచుకున్న కోరికలు బయటపెడతారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒకడు తనకి కేకులు చెయ్యడం ఇష్టమంటాడు. చదువుల పిల్ల ఒకతి హిప్ హాప్ డాన్సు చేస్తానంటుంది. స్కేటింగ్ పిల్లాడు చెల్లో వాయిస్తానంటాడు. మగపిల్లాడు వంటింట్లోకి వెళ్ళాలనుకోవడం అంత మామూలుగా చూపించడం చిన్న విషయం కాదు.

కానీ ఆ పాట మళ్ళీ విన్నాక ఒక సందేహం వచ్చింది. ఇన్ని కోరికల్లో ఒక్క ఆడపిల్ల కూడా ‘నాకు బాస్కెట్‌బాల్ ఆడాలని ఉంది’ అనలేదే! ఆ బడిలో అమ్మాయిల జట్టు ఒకటుందని సినిమా ఎక్కడా మనకి చెప్పదు. ఫైనల్ మ్యాచ్‌లో ఆడపిల్లలు ఉన్నారు, గంతులేస్తూ ఉత్సాహపరిచేవాళ్ళుగా, గ్యాలరీలో చప్పట్లు కొట్టేవాళ్ళుగా. గోడలన్నీ పగలగొట్టిన సినిమా ఒక్క గోడని మాత్రం చూడనే లేదు. క్లాసు ఆమెది, కోర్టు అతనిది. అతను క్లాసు వైపు, పాట వైపు నాలుగడుగులు వేస్తే విప్లవం. ఆమె కోర్టు వైపు ఒక్క అడుగూ వెయ్యదు. ఆమెకి చదువు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి అన్నట్టుంటుంది. ఈ మాట నాకు బాగా తెలిసిన మాటే. ఆడపిల్లల చదువు కోసం ఎంతో పోరాడిన మన సమాజంలోనే చదువు పేరు చెప్పి వాళ్ళ శరీరాన్ని కుర్చీకి కట్టేయడం కూడా జరుగుతోంది.

ఈ గోడ ఎక్కడ మొదలైందో చూద్దామని ఈ ఆట చరిత్ర తిరగేశాను. ఆశ్చర్యమేమిటంటే బాస్కెట్‌బాల్ పుట్టిందే ‘ఇంటర్నేషనల్’ అన్న పేరున్న బడిలో, అదీ ఒక అల్లరి క్లాసుని అదుపులో పెట్టడానికి! 1891 డిసెంబరులో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. వై.ఎం.సి.ఎ. వాళ్ళ ఇంటర్నేషనల్ ట్రైనింగ్ స్కూలు. బయట మంచు. లోపల పద్దెనిమిది మంది యువకులు డ్రిల్లు చేసి చేసి విసిగిపోయి ఎవరి మాటా వినడం లేదు. అంతకు ముందు టీచర్లు చేతులెత్తేశారు. జేమ్స్ నైస్మిత్ అనే టీచరు పదమూడు నియమాలు రాసి, పీచ్ పళ్ళ బుట్టలు రెండు పదడుగుల ఎత్తున మేకులతో కొట్టించి, బంతి ఇచ్చాడు. క్లాసుకీ ఆటకీ మధ్య గోడ ఏమీ లేదప్పుడు. ఆటే క్లాసు. ఆ గోల విని దగ్గర్లోని బడి పంతులమ్మలు వచ్చి చూశారు. ‘మాకూ నేర్పండి’ అన్నారు. నేర్పాడు. అంటే ఆడవాళ్ళు ఈ ఆటలోకి ఆలస్యంగా వచ్చినవాళ్ళు కాదు. పుట్టిన కొద్ది వారాలకే బంతి వాళ్ళ చేతుల్లో ఉంది.

గీతలు తర్వాత వచ్చాయి. అదే రాష్ట్రంలో స్మిత్ కాలేజీ అనే ఆడపిల్లల కాలేజీ ఉంది. అక్కడ వ్యాయామం నేర్పే సెండా బెరెన్‌సన్ ఈ ఆటని 1892లో తన విద్యార్థినులకి పరిచయం చేసింది. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం ఆమెది. చిన్నప్పటినుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం. వ్యాయామంతో తన ఒళ్ళు తనకి దక్కింది కాబట్టి అందరు ఆడపిల్లలకీ దక్కాలనుకుంది. 1893 మార్చిలో మొదటి సంవత్సరం వాళ్ళకీ రెండో సంవత్సరం వాళ్ళకీ పోటీ పెట్టింది. మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. బంతి ఎగరేయడంలో ఆమె చెయ్యి తగిలి ఒకమ్మాయి భుజం జారింది. ఆట ఆగలేదు.

అదే బెరెన్‌సన్ ఆడవాళ్ళకి వేరే నియమాలు కూడా చేసింది. కోర్టుని మూడు భాగాలు చేసింది. ఎవరి భాగం దాటి వాళ్ళు వెళ్ళకూడదు. ఒకరి చేతిలోని బంతిని ఇంకొకరు లాక్కోకూడదు. మూడు సెకన్లకి మించి పట్టుకోకూడదు. మూడుసార్లకి మించి నేలకి కొట్టకూడదు. ఆడపిల్లలు అలిసిపోతారని, మొరటుదనం అలవడుతుందని, అసలు ఆటనే ఎవరైనా ఆపేస్తారని ఆమె భయం. ఆ రోజుల్లో ఆ గీతలు లేకపోతే ఆట మొత్తమే పోయేదేమో. ఆమెని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కానీ మేలు కోరి గీసిన గీతలు అంత తొందరగా చెరిగిపోవు. అయోవా రాష్ట్రంలో హైస్కూలు ఆడపిల్లలు జట్టుకి ఆరుగురు చొప్పున, ముగ్గురు ఇటు ముగ్గురు అటు, మధ్య గీత దాటకుండా ఆడే పద్ధతి 1993 దాకా కొనసాగింది. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బాస్కెట్‌బాల్ 1936లో వస్తే ఆడవాళ్ళది 1976లో వచ్చింది. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హెచ్.సి. బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన దక్షిణాదిలో డ్రిల్లు మాస్టార్ల తరాలు ఆ చెట్టు కొమ్మలే. ఆటతోబాటు ఆ గీతలూ మనదాకా నడిచొచ్చాయేమో అనిపిస్తుంది నాకు.

గుడ్డ కూడా ఒక గీతే. స్మిత్ కాలేజీ పిల్లలు బ్లూమర్లు వేసుకుని ఆడేవాళ్ళు కాబట్టి మగవాళ్ళు చూడకూడదన్నారు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిలు తలగుడ్డ తియ్యమన్నందుకు ఆడకుండా వెనక్కి వెళ్ళిపోయారు. అంతర్జాతీయ సమాఖ్య ఆ నియమాన్ని మార్చింది 2017లో. మా జట్టులో తలకి నల్లగుడ్డ బిగించి కట్టుకుని ఆడే పిల్ల ఒకతి ఉంది. ఆమె వేసే మూడు పాయింట్ల షాట్లు చూస్తే ఆ గుడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకచోట గుడ్డ తక్కువైందంటారు, ఇంకోచోట ఎక్కువైందంటారు. కొలిచేది మాత్రం ఎప్పుడూ ఆడదాని గుడ్డనే.

ఇక మా స్కూలు. హైదరాబాదు పొలిమేరల్లో, ఒకప్పుడు పొలాలున్నచోట. పేరులో ఇంటర్నేషనల్ ఉంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ళ పిల్లలు, కొరియా పిల్లలు ఇద్దరు ముగ్గురు, మిగతా అంతా సాఫ్ట్‌వేరు, వ్యాపారాల ఇళ్ళవాళ్ళు. బ్రోషరు అట్టమీద ఒక అమ్మాయి బంతి పట్టుకుని గాల్లోకి ఎగురుతున్న ఫోటో ఉంటుంది. నిజంగా బావుంటుంది ఆ ఫోటో. పదకొండు, పన్నెండు తరగతుల ఐ.బి. డిప్లొమాలో సృజన, ఆట, సేవ మూడూ ఉండి తీరాలి. చెమట పట్టిన గంటలన్నిటికీ ఒక ఫారం ఉంటుంది, అనుభవం గురించి పిల్లలు పేరాలు రాయాలి. చూడ్డానికి ఇక్కడ గోడలే లేవు.

గోడ టైంటేబుల్లో ఉంది. ఇండోర్ కోర్టు ఒకటే. సాయంత్రం అబ్బాయిల జట్టుకి, పొద్దున ఆరున్నరకి అమ్మాయిల జట్టుకి. ఎందుకలా అని ఒకసారి కోచ్‌ని అడిగాను. “చీకటిపడకముందే ఆడపిల్లల్ని ఇళ్ళకి చేర్చాలి కదా మేడమ్” అన్నాడు. మంచివాడు. అమ్మాయిల ఆట గురించి నిజంగా తపనపడే మనిషి. అతనూ బెరెన్‌సన్‌లాగే మేలు కోరి గీత గీశాడు. ఆ ఆరున్నర ప్రాక్టీసు కోసం మా పిల్లలు అయిదింటికి లేస్తారు. ఔటర్ రింగు రోడ్డు అవతలనుంచి వచ్చేవాళ్ళు ఇంకా ముందు. ఎనిమిదింటికి తడి జుట్టుతో, ఎర్రబడ్డ మొహాలతో క్లాసుకొస్తారు. వారంలో మూడు రోజులు మొదటి పీరియడు తెలుగు. కునికిపాట్లు పడేది వాళ్ళే.

నేను ముందు చెప్పిన కాగితం ఇదీ. సెలవుల్లో మా పాయింట్ గార్డ్ రిపోర్టు తీసి చూశాను. లెక్కల టీచరు ఏమీ అనలేదు. సైన్సు టీచరు మెచ్చుకుంది. తెలుగు గడిలో నా చేతిరాత. ‘తరగతిలో శ్రద్ధ తగ్గింది. నిద్రమత్తుగా ఉంటోంది. ఆటలకి ఇచ్చే సమయం తగ్గించుకుంటే మంచిది.’ వాళ్ళమ్మ చూసింది ఈ రిపోర్టే. అదే చేత్తో, అదే వారం, అబ్బాయిల జట్టులోని ఒక పిల్లాడికి ఏం రాశానో కూడా చూశాను. వాడికి తెలుగులో మా అమ్మాయికంటే తక్కువ మార్కులు. ‘ఆటల్లో చక్కగా రాణిస్తున్నాడు. చదువుని కూడా సమన్వయం చేసుకోవాలి.’ వాడికి కూడా. ఆమెకి బదులుగా.

నేను ఇరవయ్యేళ్ళుగా స్త్రీవాద సాహిత్యం చదువుతున్నదాన్ని. సభలకి వెళ్ళినదాన్ని. క్లాసులో ఆడపిల్లలకి ‘మీరు దేనికీ తక్కువ కాదు’ అని చెప్పేదాన్ని. మా నాయనమ్మ ఓణీ సర్ది చెప్పిన మాటనే నేను సంతకం పెట్టి, స్కూలు ముద్రతో పంపాను. కరణ్ జోహార్‌ని విమర్శించడం ఎంత తేలికో అప్పుడు అర్థమైంది. పితృస్వామ్యం అని మనం పిలిచేది ఎప్పుడూ మీసాలు మెలేసుకుని రాదు. బడలికతో ఉన్న పిల్లని చూసి జాలిపడే తెలుగు టీచరు చేతిలో పెన్నుగా కూడా ఉంటుంది.

మూడో సినిమా ‘లవ్ అండ్ బాస్కెట్‌బాల్’. 2000లో వచ్చింది. రాసిందీ తీసిందీ గీనా ప్రిన్స్ బైథ్‌వుడ్ అనే నల్లజాతి స్త్రీ. లాస్ ఏంజెలెస్‌లో పక్కపక్క ఇళ్ళల్లో మోనికా, క్విన్సీ. పదకొండేళ్ళప్పుడు ఆమె ఆట చూసి ఓర్వలేక అతను తోసేస్తే ఆమె చెంపమీద మచ్చ పడుతుంది. సినిమా కూడా బాస్కెట్‌బాల్ ఆటలాగే నాలుగు భాగాలు. మోనికాకి కోపం ఎక్కువ. అదే కోపం అబ్బాయి చూపిస్తే భుజం తడతారు, నేను చూపిస్తే ఆడపిల్లలా ఉండమంటారు అని ఆమె సూటిగానే అడుగుతుంది. ఇద్దరూ ఒకే యూనివర్సిటీకి వెళ్తారు. ఆడపిల్లల జట్లకి అమెరికా కాలేజీల్లో ఆ మాత్రం చోటు దొరకడం వెనక విద్యాసంస్థల్లో లింగవివక్షని నిషేధిస్తూ 1972లో వచ్చిన చట్టం ఉంది. తండ్రి విషయంలో మనసు విరిగిన క్విన్సీ ఒక రాత్రి తనతో ఉండమంటాడు. ఆలస్యమైతే జట్టులో తన స్థానం పోతుందని మోనికా లేచి వెళ్తుంది. అతను ఆమెని వదిలేస్తాడు. ఇలాంటి సన్నివేశం మన సినిమాల్లో ఎప్పుడైనా చూశామా? ఆమె తప్పు చేసిందని దర్శకురాలు అనదు. అతని బాధా నిజమే, ఆమె ఆటా నిజమే.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి మోనికా తల్లి. క్యాటరింగ్ పెట్టుకోవాలన్న కోరిక పక్కనపెట్టి ఇల్లు చూసుకున్న గృహిణి. కూతురి ఆట ఆమెకి అర్థం కాదు. కూతురికి తల్లి బతుకు చిన్నచూపు. వంటింట్లో ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు ఎవరూ గెలవరు. తల్లిని వెనకబడిన మనిషిగా, కూతుర్ని ముందుకెళ్ళిన మనిషిగా పెట్టి సులువుగా తేల్చెయ్యలేదు. వదిలేసుకున్న ఆడదానికి కూడా ఒక కథ ఉందని గుర్తించింది.

ముగింపుతో నాకు పేచీ ఉంది. క్విన్సీకి ఇంకో అమ్మాయితో పెళ్ళి కుదిరాక మోనికా అతని మనసే పందెంగా ఒకరికొకరు ఆడదాం అంటుంది. ఆడుతుంది. ఓడిపోతుంది. ఓడాకే అతను దక్కుతాడు. మా అంజలికి జరిగిందే! ప్రేమ దగ్గరికొచ్చేసరికి ఎంత బలమైన కథ అయినా ఆడది ఒక్కసారి ఓడి చూపించాలేమో. ఆ పెళ్ళి కుదిరిన అమ్మాయి ఏమైందో కూడా ఎవరికీ పట్టదు. కానీ ఈ సినిమా అక్కడ ఆగదు. చివరి దృశ్యంలో మోనికా ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగులో కోర్టుమీదకి వస్తుంది. ఆ లీగు 1997లో మొదలైంది. అంతకు ముందు ఆమెలాంటి వాళ్ళు వేరే దేశాలకి పోయి ఆడాల్సి వచ్చేది, మోనికా కూడా స్పెయిన్ వెళ్తుంది. గ్యాలరీలో క్విన్సీ, ఒళ్ళో చిన్న కూతురు. ఓటమి ఆమె చేతిలోంచి బంతిని తీసుకోలేదు. రెండు సినిమాలకీ తేడా ఇక్కడే ఉంది. ఒక ఆట ఓడిపోవడం మనుషులకి మామూలు. మొన్న మా పిల్లలూ ఓడిపోయారు. ఓటమి తర్వాత మళ్ళీ ప్రాక్టీసు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మనకి ఇలాంటి సినిమా లేదు కానీ మనుషులున్నారు. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ 2011లో ఆ అమెరికా లీగు ట్రయల్స్‌కి వెళ్ళింది. మన దేశం నుంచి అలా వెళ్ళిన మొదటి మనిషి ఆమే. చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై ఏళ్ళ తరబడి దేశానికి ఆడింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. మా స్కూల్లో ఏ గోడమీదా వీళ్ళ ఫోటో లేదు. అమెరికా మగ ఆటగాళ్ళ పోస్టర్లు నాలుగున్నాయి.

సెలవులయ్యాక వాళ్ళమ్మని పిలిచి మాట్లాడాను. నేను రాసింది తొందరపాటని, నిద్రమత్తుకి కారణం ఆట కాదు, ఆట పెట్టిన వేళ అని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. తర్వాత తనే చెప్పింది. డిగ్రీలో ఆవిడ త్రోబాల్ యూనివర్సిటీ జట్టులో ఉండేదట. ఫైనలియర్లో పెళ్ళి కుదిరిందట. “మానేశాను టీచర్. ఏమైంది? బానే ఉన్నానుగా” అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట అన్నాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. బానే ఉన్నామా? నేనూ బానే ఉన్నాను. మోనికా తల్లీ బానే ఉంది. “ఆలోచిస్తాను” అని లేచింది ఆవిడ.

టైంటేబులు గురించి కూడా రాతపూర్వకంగా అడిగాను. ప్రాక్టీసు వేళలు ఒక వారం అబ్బాయిలకి పొద్దున, ఒక వారం అమ్మాయిలకి పొద్దున మార్చమని, సాయంత్రం అమ్మాయిల కోసం బస్సు వెయ్యమని. మొదటిదానికి ఒప్పుకున్నారు. బస్సు ‘పరిశీలనలో’ ఉంది. అబ్బాయిలు పొద్దున ఆడటం మొదలెట్టిన మొదటి వారం నా క్లాసులో కునికిపాట్లు పడింది వాళ్ళు. ఈసారి ఎవరి రిపోర్టులోనూ నేనేమీ రాయలేదు.

ఆ మధ్య పదో తరగతికి ఒక రచనాభ్యాసం ఇచ్చాను. మీకు నచ్చని ముగింపున్న కథని మీరు తిరగరాయండి అని. మా పాయింట్ గార్డ్ అంజలి కథ తీసుకుంది. ఒత్తులూ దీర్ఘాలూ సగం తప్పులు. అందులో అంజలి కొంగు తీసి నడుముకి బిగించి దోపుకుంటుంది. రాహుల్ ఆమె వంక చూస్తూ నిలబడిపోతే ఆ సందులో బంతి తీసుకుపోయి బుట్టలో వేస్తుంది. ‘తర్వాత పెళ్ళి అయిందా లేదా నాకు తెలీదు, మ్యాచ్ అయితే ఇంకా అవ్వలేదు’ అని ముగించింది.

తప్పులు దిద్దకుండా కాగితం తిరిగి ఇచ్చేశాను. కొత్త సంవత్సరం జట్టు జాబితా ఇంకా రాలేదు. వాళ్ళమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.